వియ్యపురాలి పాటకు సడలింపు

మా చినరేవు పురపాలక సంఘం హద్దుల్లో ఎవరూ ఎవరినీ కించపరచరాదని ఉత్తర్వు వచ్చిన రోజున ఊళ్ళో ఒక్క చేప కూడా అమ్ముడుపోలేదు.

ఇందులో వింతేమీ లేదు. చేప కొనాలంటే ముందు దాన్ని తిట్టాలి. మొప్ప ఎత్తి చూసి మొహం చిట్లించాలి. "ఇది నిన్నటిది కాదు, మొన్నటిది" అనాలి. అమ్మేవాళ్ళు ఊరుకోకుండా కొనేవాళ్ళ పిసినారితనాన్ని తాతల కాలం దాకా తవ్వాలి. అలా ఒకరినొకరు కడిగేసుకున్నాక ధర ఒక చోట కుదురుతుంది, ఇద్దరూ నవ్వుకుంటూ విడిపోతారు. మా ఊరి బేరం పద్ధతి అది.

ఆ రోజు మాత్రం జనం బుట్టల ముందు చేతులు కట్టుకుని నిలబడ్డారు. "చాలా మంచి చేపలండి" అన్నారు. "తమరు కూడా చాలా మంచివారండి" అంది చేపలమ్మే నూకాలమ్మ. ఆ తరవాత బేరం ముందుకు కదల్లేదు. ఎండెక్కేసరికి చేపల సందంతా కంపు కొట్టింది. ఆ మాట కూడా ఎవరూ పైకి అనలేదు.

నేను ఆ పురపాలక సంఘంలో సూపరింటెండెంటును. పేరు భీమేశ్వరరావు. నియమం అంటే నాకు గౌరవం. పిచ్చి నియమం అంటే ఇంకాస్త గౌరవం. మంచి నియమాన్ని ఎవడైనా పాటిస్తాడు, పిచ్చిదాన్ని పాటించడానికే ప్రభుత్వోద్యోగి కావాలి.

ఈ నియమం మా కమిషనరు గోవర్ధనం గారి బుర్రలో పుట్టింది. ఆయన మా ఊరికి బదిలీ మీద వచ్చి రెండేళ్ళు కావస్తోంది. భార్యాపిల్లలు ఎక్కడో దూరాన ఉంటారు, ఆయన హోటలు క్యారేజీ తెప్పించుకుని తింటారు. ఒక వేసవిలో ఆయన్ను ఏదో చల్లని కొండల మీదికి శిక్షణకు పంపారు. అక్కడ ఎవరో మనస్తత్వ శాస్త్రవేత్త, మనిషి తాను ఎత్తుగా కనపడడం కోసం ఎదుటివాణ్ణి పొట్టివాణ్ణి చేస్తాడని బొమ్మలు గీసి మరీ చెప్పాడట. అందులో అబద్ధం లేదు. ప్రమోషను రానివాడు వచ్చినవాడి గురించి చెప్పే మాటలు మా ఆఫీసులో కాఫీ వేళకు ఎవరైనా వచ్చి వినవచ్చు. కానీ శిక్షణకు వెళ్ళినవాళ్ళు విని ఊరుకుంటే దాన్ని శిక్షణ అనరు. గోవర్ధనం గారు కొండ దిగి వస్తూనే 'కించపాటు లేని పట్టణం' అన్న పథకం ప్రకటించారు. వీధి చివర బోర్డులు లేచాయి. మనోవికాస సలహాదారుగా డాక్టర్ నిరుపమ గారు నియమితులయ్యారు.

చేపల సందు గొడవ రెండో రోజునే ఆఫీసుకు వచ్చింది. నూకాలమ్మ ఖాళీ కాని బుట్ట తెచ్చి కమిషనరు గారి గది ముందు దించింది.

"ఆయ్, నన్ను తిట్టొద్దంటే మానేస్తారు బాబూ, నాకేం నష్టం లేదు. చేపని తిట్టొద్దంటే ఎల్లాగండి? తిట్టకుండా కొన్న చేప ఇంటికెళ్ళాక కూరవ్వదండి, ఆడోళ్ళు వెనక్కి పంపేత్తారు."

కమిషనరు గారు మా న్యాయ సలహాదారు సోమయాజులు గారిని పిలిపించారు. ఆయన ముక్కుపొడుం పీల్చి, తుమ్మి, అభిప్రాయం చెప్పారు.

"నియమాన్ని రద్దు చేయనక్కర్లేదు. రద్దు వేరు, సడలింపు వేరు. నియమం నియమంగానే ఉంటుంది. కొందరికి, కొంతసేపు, కొంతమేర పక్కకు తప్పుకుంటుంది. గొడుక్కి ఒక చిల్లు పడిందని గొడుగు లేదని ఎవరూ అనరు కదా. అయితే సడలింపును ఎప్పుడూ బిగించే చదువుకోవాలి. చిల్లు దానంతటది పెద్దదవకూడదు."

దాంతో మొదటి సడలింపు వెలువడింది: చేపల సందులో, ఉదయం పది గంటల లోపల, చేపలను మాత్రమే కించపరచవచ్చును. ఆ వారంలోనే ఒక కాంపౌండరు నూకాలమ్మతో "నీ చేప కళ్ళు నీ కళ్ళలాగే గుంటలు పడ్డాయి" అన్నాడు. సడలింపును బిగించి చదివాం. చేప కళ్ళ సంగతి సడలింపులోకి వస్తుంది, నూకాలమ్మ కళ్ళ సంగతి రాదు. అందుచేత వాక్యంలో సగానికి జరిమానా వేశాం. కాంపౌండరు కట్టేసి, రసీదు మీద కూడా 'సగం వాక్యమునకు' అని రాయించుకుని వెళ్ళాడు.

ఆ తరవాత గొడుగు నిలవలేదు. బడి హెడ్మాస్టరు వచ్చి, తప్పు లెక్క చేసిన కుర్రాణ్ణి తప్పు చేశావని అనడానికి అనుమతి కావాలన్నాడు. నిరుపమ గారు ఒప్పుకోలేదు. 'నువ్వు సరైన జవాబు వైపు ప్రయాణంలో ఉన్నావు' అనమన్నారు. ఆ సంవత్సరం మా బళ్ళో చాలామంది ప్రయాణంలోనే ఉండిపోయారు. బొద్దుగా ముద్దుగా ఉన్న పిల్లల తల్లులు బారులు తీరారు. దిష్టి తగలకుండా "మావాడు ఎండుపుల్లలా ఉన్నాడమ్మా, అన్నం ముట్టడు" అని చెప్పుకోవడానికి వాళ్ళకు అనుమతి కావాలి. ఇందులో చిక్కేమిటంటే, పిల్లవాడు నిజంగా పుల్లలా ఉంటే ఆ మాట కించపరచడం అవుతుంది, లేకపోతే అబద్ధమవుతుంది. రెండూ నిషిద్ధమే. అప్పటికి పిల్లల్ని తూకం వేసి పంపించాం.

ఇన్ని దరఖాస్తులు చూసుకోవడానికి సడలింపుల విభాగం అని ఒకటి పెట్టి, దానికి నన్ను అధిపతిని చేశారు. కించపాటును స్వల్పం, మధ్యమం, తీవ్రం అని మూడు తరగతులు చేసింది నేనే. ఎవరు, ఎవరిని, ఏ ఉద్దేశంతో, ఎంతసేపు అన్నవి రాయాలి. మంచి అమరిక అని నాకు నేనే మురిసిపోయాను. మా చెల్లెలు అనసూయ ఆ దరఖాస్తు పట్టుకుని వచ్చేదాకా అలాగే మురిశాను.

అనసూయ కూతురు మైథిలికి పెళ్ళి కుదిరింది. పెళ్ళికొడుకుది పెదగరువు. పెళ్ళి మా ఊళ్ళోనే, పురపాలక కల్యాణ మండపంలో. మైథిలిని గంపలో కూర్చోబెట్టి పెళ్ళి పీటల దగ్గరికి మోసుకెళ్ళాల్సిన మేనమామను నేను. ఆ పని కోసం మూడు నెలలుగా నడుము జాగ్రత్తగా చూసుకుంటున్నాను కూడా.

అనసూయ వెంట మా సుందరమ్మ పిన్ని కూడా వచ్చింది. మా వంశంలో ఏ పెళ్ళికైనా బంతిలో పాట ఆవిడదే. మగపెళ్ళివారు విస్తళ్ళ ముందు కూర్చోగానే ఆడపెళ్ళివారి ఆడవాళ్ళు వియ్యపురాల్ని ఆటపట్టిస్తూ పాడే పాట అది. దాని రుచి తెలిసినవాళ్ళు పాట మొదలయ్యేదాకా నెయ్యి కూడా వేయించుకోరు.

"ఒరే భీముడూ, నా పాటకి నీ సంతకం కావాలంటగా?" అంది పిన్ని.

"నా సంతకం కాదు పిన్నీ, కమిటీది."

"పాట నాది. వియ్యపురాలు అనసూయది. పులిహోర మీ బావది. మధ్యలో కమిటీ ఎవర్రా?"

"నియమం పిన్నీ."

"నియమానికి పులిహోర పెట్టం" అని పిన్ని కండువాలా కొంగు దులిపింది. కానీ అనసూయ నా పక్కకు వచ్చి కూర్చుని నెమ్మదిగా చెప్పింది.

"అన్నయ్యా, నవ్వులాట కాదు. నిశ్చయ తాంబూలాల నాడు పెళ్ళికొడుకు తల్లి రత్నమాంబ గారు నన్ను పక్కకి పిలిచి ఒకే ఒక్క మాట అడిగారు. వాళ్ళ పెద్దబ్బాయి పెళ్ళిలో ఆడపెళ్ళివారు మైకులో సినిమా పాటలు పెట్టారట. ఆవిణ్ణి ఒక్కరూ ఏమీ అనలేదట. 'ఆకు ముందు దారినపోయేదానిలా కూర్చుని తిని వచ్చాను వదినగారూ' అని కళ్ళనీళ్ళు పెట్టుకున్నారు. ఆ వియ్యాలవారి గుమ్మం ఇంతవరకు మళ్ళీ తొక్కలేదట. నాకు చీర వద్దు, సారె వద్దు, బంతిలో పదిమందీ వినేలా నన్నో మాట అనండి చాలు అన్నారు. మా పిల్ల ఆవిడ చేతి కిందికే కదా వెళ్ళేది. నేను మాటిచ్చేశాను."

చెల్లెలు నన్నేదీ అడిగే మనిషి కాదు. నేను దరఖాస్తు తీసుకున్నాను. పాటను అనుబంధంగా జత చేయించాను. ఎవరిని అన్న చోట 'వియ్యపురాలిని' అనీ, ఉద్దేశం అన్న చోట పిన్ని చెప్పినట్టే 'ముచ్చట' అనీ రాశాను. తరగతి: స్వల్పం.

కమిటీలో కమిషనరు గారు, నిరుపమ గారు, సోమయాజులు గారు కూర్చున్నారు. పాటను పైకి చదవమని నాకు ఆజ్ఞ అయింది. చదివాను.

"వియ్యపురాలమ్మ వచ్చింది చూడరే
వీధంత నిండుగా వచ్చింది చూడరే
ఎక్కిన బస్సేమొ ఏడ్చింది చూడరే
నాలుగు చక్రాలు నలిగేను చూడరే
గుండిగెడు పులిహోర గుటుకున మింగి
ఆకలో ఆకలని అంటోంది చూడరే"

కమిషనరు గారు వేళ్ళ మీద ఏదో లెక్క వేసుకున్నారు.

"బస్సుకు ఆరు చక్రాలుంటాయి" అన్నారు కమిషనరు గారు చివరికి. "నాలుగే నలిగాయంటున్నారు. మిగతా రెంటి పరిస్థితి ఏమిటి?"

"వెనకవైపు జంట చక్రాలు సార్. వెనకవి నలిగి ఉంటాయి" అన్నాను. అడిగినదానికి జవాబు చెప్పడం నా ధర్మం.

"అంటే ఆవిడ వెనక సీట్లో కూర్చున్నట్టు. ఇది నమోదు చేయండి."

నిరుపమ గారు కళ్ళజోడు సర్దుకున్నారు. "శరీర పరిమాణం, ఆహార పరిమాణం, రెండింటి మీదా దాడి ఉంది. తమ పిల్లను తీసుకుపోతున్నవాళ్ళను తక్కువ చేసి, ఆ నొప్పిని మరిచిపోవడం ఇక్కడి యంత్రాంగం. శాస్త్రంలో ఇది తెలిసిన విషయమే. దీనికి పాట కంటే సలహా శిబిరం మంచిది."

సోమయాజులు గారు పొడుం పీల్చారు. "శాస్త్రం సంగతి ఎలా ఉన్నా, సహజ న్యాయం ప్రకారం కించపడబోయే వ్యక్తి వాదన వినకుండా మనం ముందుకు పోరాదు. ఆమెకు నోటీసు ఇవ్వాలి. ఫలానా తేదీన మిమ్మల్ని ఫలానా విధంగా కించపరచ సంకల్పించినారు, మీకు అభ్యంతరముంటే కారణములు చూపవలెను అని. బరువు ధ్రువపత్రం కూడా జతచేయమనండి."

నోటీసు పట్టుకుని పెదగరువు వెళ్ళే భాగ్యం నాకే కలిగింది. మేనమామ పెళ్ళికి ముందు మగపెళ్ళివారింటికి పళ్ళూ పూలూ పట్టుకుని వెళ్తాడు, నేను వియ్యపురాలికి బరువు ధ్రువపత్రం కోరుతూ నోటీసు పట్టుకుని వెళ్ళాను. బస్సులో ఎవరూ చూడకుండా దాన్ని చంకలో పెట్టుకున్నాను. ఈ దెబ్బతో పెళ్ళి ఆగిపోతే అనసూయ మొహం ఎలా చూడాలో నాకు తెలియలేదు.

రత్నమాంబ గారు నిజంగానే నిండైన మనిషి. అరుగు మీద కూర్చుని నోటీసు మొదటినుంచి చివరిదాకా చదివారు. అనుబంధం దగ్గరికి వచ్చేసరికి పెదవులు కదిలాయి, తల ఊగింది. పాటను మెల్లగా రాగంలో చదువుకుంటున్నారని అప్పుడు అర్థమైంది.

"పాట బాగుంది" అన్నారు. "కానీ మేనమామ గారూ, ఇంతేనా?"

"ఏంటండీ?"

"బస్సూ, పులిహోరా, అంతేనా? మా తోడికోడలికి వాళ్ళ వియ్యాలవారు రోలు పొత్రం అన్నారు, తాటి మొద్దు అన్నారు, గురకకి పందిరి కూలిందన్నారు. ఆవిడ ఇప్పటికీ చెప్పుకుంటుంది. నాకేమో 'స్వల్పం' అని రాశారు ఇక్కడ. నేనంత తక్కువదాన్నా?"

"మార్చవచ్చునండీ. మీరు అభ్యంతరం దాఖలు చేసుకోవచ్చు."

"రాసుకోండి. నన్ను తీవ్రంగా అనమనండి. నా పూర్తి ఇష్టంతో చెబుతున్నాను."

ఆవిడ సంతకం పెట్టి, నాకు కాఫీ ఇచ్చి, బరువు మాత్రం తూకం మీద కాదు పాటలోనే చెప్పుకుంటామన్నారు. ఇంత స్పష్టమైన సమ్మతి మా విభాగం ఎన్నడూ చూడలేదు. తిరుగు బస్సులో నేను చంకలో కాగితాన్ని నలుగురికీ కనపడేలా పట్టుకున్నాను.

సోమయాజులు గారు ఆ సమ్మతిని చదివి కళ్ళు మూసుకున్నారు. ఆయన కళ్ళు మూసుకుంటే ఎవరికో మూడిందని మాకు తెలుసు.

"ఇది దరఖాస్తునే కొట్టేసింది" అన్నారు. "ఆవిడ ఇష్టపడుతోంది. ఇష్టపడితే కించపడ్డట్టు కాదు. కించపడనివారి విషయంలో సడలింపు అవసరమే లేదు. అవసరం లేని సడలింపు ఇచ్చే అధికారం మనకు లేదు."

"అయితే సడలింపు లేకుండానే పాడుకోవచ్చు కదండీ" అన్నాను.

"సడలింపు లేకుండా ఇటువంటి పాట పాడితే నేరం."

"ఆవిడ ఒప్పుకోకపోతేనో?"

"ఒప్పుకోకపోతే కించపరచినట్టే. దానికి సడలింపు ఎలా ఇస్తాం, తప్పు కదూ?"

కమిషనరు గారు ఈ తర్కానికి ముగ్ధులయ్యారు. నేనూ ముగ్ధుణ్ణే అయ్యానని ఒప్పుకోవాలి. ఎటు నుంచి తోసినా తెరుచుకోని తలుపు చేయడం అందరికీ చేతనయ్యే పని కాదు. అయితే ప్రజల సంప్రదాయాల పట్ల పురపాలక సంఘానికి సానుభూతి ఉన్నందున, నిరుపమ గారు ఒక మర్యాదపూర్వక ప్రత్యామ్నాయ గీతాన్ని స్వయంగా రచించి ఇచ్చారు. పెళ్ళినాడు దాన్నే పాడించవలసిన బాధ్యత నా మీద పెట్టారు. చూడడానికి కమిషనరు గారు స్వయంగా వస్తామన్నారు.

పెళ్ళి సాయంత్రపు లగ్నానికి. మధ్యాహ్నం మగపెళ్ళివారి బంతి. అరటి ఆకులు పరిచారు. రత్నమాంబ గారు మధ్య ఆకు ముందు కొత్త పట్టుచీర సర్దుకుని, పాట కోసం చెవులు అప్పగించి కూర్చున్నారు. ఆవిడ వెంట వచ్చిన పెదగరువు ఆడవాళ్ళు కూడా నవ్వడానికి సిద్ధపడి పమిట చెంగులు నోటి దగ్గర పెట్టుకున్నారు. బంతి చివర కమిషనరు గారు కూర్చున్నారు. ఆయన పక్క ఆకు ఖాళీగా ఉంది. ఆఫీసరు పక్కన కూర్చుని తినడానికి ఎవరికి మాత్రం చేతులు ఆడతాయి?

పిన్ని నా వైపు ఒకసారి చూసింది. ఆ చూపును ఇక్కడ రాయను. తరవాత కాగితం విప్పి, గొంతు సవరించుకుని, ఆఫీసువారు పంపినది పంపినట్టు పాడింది.

"గౌరవనీయులగు వియ్యపురాలు గారు
సకాలములోనే విచ్చేసినారు
బస్సు ప్రయాణము సుఖముగా సాగె
పరిమితముగనే భోజించినారు"

ఎవరూ నవ్వలేదు. వడ్డించే మనిషి గరిటె పట్టుకుని ఆగిపోయాడు. పెదగరువు ఆడవాళ్ళు నోటి దగ్గర పమిటలు తీసేసి ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రత్నమాంబ గారి మొహంలో రంగు దిగిపోయింది.

"అనసూయ గారూ" అన్నారు, నిశ్చయం నాటి 'వదినగారూ' పోయింది. "మావల్ల ఏమైనా పొరపాటు జరిగిందాండీ?"

"అయ్యో, లేదు వదినగారూ."

"మరి కలెక్టరు గారికి స్వాగతం చెప్పినట్టు చెబుతున్నారు. పరాయివాళ్ళతోనే కదా అలా మాట్లాడతారు. మా అబ్బాయి మీకు నచ్చకపోతే ముందే చెప్పాల్సింది. తాంబూలాలప్పుడు నేను నోరు తెరిచి అడిగాను. అడిగినా అనలేదంటే నేనేమనుకోను?"

ఆవిడ కోపంగా అనలేదు. కోపంగా అంటే బాగుండేది. ముద్ద ముట్టకుండానే ఆకు అంచు మీద చెయ్యి వేశారు, మడవడానికి. ఆవిడ ఆకు మడిస్తే ఆ వరసలో ఎవరూ తినరు. మగపెళ్ళివారు తినకుండా లేస్తే సాయంత్రం లగ్నం మాట తలచుకోవాలంటేనే భయమేసింది. అనసూయ నోటికి కొంగు అడ్డం పెట్టుకుంది. గుమ్మం దగ్గర, పెళ్ళికూతురు బయటికి రాకూడదన్న సంగతి మరచిపోయి, మైథిలి నిలబడి ఉంది. ఆ పిల్ల నా వైపు చూసింది. నా వైపే, కమిటీ వైపు కాదు.

నాకు సిగ్గేసింది. ఇన్నాళ్ళూ ఎవరికీ ఏ నొప్పీ కలగకుండా చూస్తున్నానని అనుకున్నాను. అక్కడ నిండు మనిషి, నలుగురిలో, నేను మోసుకొచ్చిన మర్యాద దెబ్బకి చిన్నబోయి కూర్చుంది. సడలింపు ఉందా లేదా అని ఆ క్షణంలో నాకు తట్టలేదు. ఈ పాటలు మగవాళ్ళు పాడరన్న సంగతీ తట్టలేదు. నా గొంతు కాకి గొంతన్న సంగతి మాత్రం మొదటి చరణంలోనే అందరికీ తెలిసింది.

"వియ్యపురాలమ్మ వచ్చింది చూడరే
వీధంత నిండుగా వచ్చింది చూడరే..."

మండపంలో పిల్లలు కూడా ఏడుపు ఆపి చూశారు. రెండో చరణానికి నా గొంతు పూర్తిగా పోయింది. అప్పుడు పిన్ని కాగితాన్ని నలిపి సాంబారు బకెట్టు కింద పారేసి అందుకుంది. వెనక మా ఆడవాళ్ళందరూ అందుకున్నారు. బస్సు ఏడ్చింది, చక్రాలు నలిగాయి, గుండిగలు ఖాళీ అయ్యాయి. కమిటీ ముందుకు రాని చరణాలు కూడా పిన్ని దగ్గర ఉన్నాయని నాకు అప్పుడే తెలిసింది. అందులో గురక మీద ఉన్నదానికి మండపం పైకప్పు నిజంగానే ఎగురుతుందేమో అనిపించింది.

రత్నమాంబ గారి చెయ్యి ఆకు అంచు మీదే ఉండిపోయింది. ముందు గడ్డం వణికింది. తరవాత భుజాలు కదిలాయి. ఆ తరవాత ఆవిడ కళ్ళు తుడుచుకుంటూ, నవ్వుతూ, "అమ్మయ్య" అన్నారు. "నెయ్యి వెయ్యండి."

రెండు ముద్దలు తిన్నారో లేదో, తలెత్తి నన్ను వెతికి పట్టుకున్నారు. "మేనమామ గారు పాడారు కదా, మేం ఊరుకుంటామా" అని పెదగరువు వాళ్ళకు సైగ చేశారు. అప్పటికప్పుడు కట్టిన పాట, ఎడమ చేత్తో తాళం వేసుకుంటూ వాళ్ళు ఎత్తుకున్నారు.

"పెళ్ళికూతురి మామ పెద్దాఫీసరట
ముక్కు మీద కళ్ళజోడు మూడు మణుగులట
తుమ్మాలన్నా ఆయనకు అనుమతి కావాలట
దగ్గాలన్నా ఆయనకు దరఖాస్తు కావాలట
కాకమ్మ ఈయన పాట విని గూడు మార్చెనట"

పెళ్ళికి వచ్చిన మా ఆఫీసు వాళ్ళు అందరికంటే గట్టిగా నవ్వారు. నాకు చెవులు వేడెక్కాయి. ఆ వేడిలో ఎంత హాయి ఉందో చెప్పలేను. పెళ్ళి కుదిరిన నాటి నుంచి నేను వాళ్ళకు సూపరింటెండెంటు గారిని. ఆ పాట పూర్తయ్యేసరికి వాళ్ళలో ఒకణ్ణి అయిపోయాను. అనసూయ నవ్వుతూ ఏడుస్తోంది. మైథిలి గుమ్మం వెనక్కి తప్పుకుంది.

అప్పుడు గుర్తొచ్చి బంతి చివరికి చూశాను. కమిషనరు గోవర్ధనం గారు అన్నం కలపడం మానేసి కూర్చున్నారు. సలహాదారుల కోసం చూసుకుంటున్నారని అనుకున్నాను. దగ్గరికి వెళ్ళి చేతులు కట్టుకుని నిలబడ్డాను. చేయగలిగింది అదే.

"నియమం ఉల్లంఘించాను సార్. మీరేం చర్య తీసుకున్నా సరే."

ఆయన నా మాట వినిపించుకోలేదు. రత్నమాంబ గారి వైపూ, పిన్ని వైపూ చూసి, మళ్ళీ ఆకులోకి చూసుకున్నారు.

"నన్నెవరూ ఏమీ అనరాండీ?" అన్నారు.

"నిషేధం కదా సార్. ఎవరంటారు?"

"నిషేధానికి ముందు కూడా అనలేదు" అన్నారాయన. "రెండేళ్ళయింది ఈ ఊరు వచ్చి. పై ఆఫీసులో తిట్లు తిన్నాను. అవి వేరు. ఇలా... ఇలా ఎవరూ అనలేదు."

మాటలు వినపడ్డాయో ఏమో, రత్నమాంబ గారు అక్కడినుంచే అడిగారు, "ఎవరండీ ఆ బాబు? మీ చుట్టాలా?"

"మా ఊరి కమిషనరు గారండి" అంది అనసూయ భయంగా.

"ఊరికి కమిషనరైతే ఊరివాడే కదా" అంది సుందరమ్మ పిన్ని. వచ్చి ఆయన ముందు నిలబడి, నడుం మీద చెయ్యి వేసుకుని, శిఖ నుంచి నఖం దాకా చూడడం మొదలుపెట్టింది. నఖాల దాకా రాకుండానే ఆవిడకు కావలసింది దొరికింది.

"కమిషనరు బట్టతల కంచు పళ్ళెమంట
ఈగొచ్చి వాలబోతె జారి పడ్డదంట
కాలిరిగి ఆ ఈగ అర్జీ పెట్టెనంట
ఆలోచించి చెబుతామని ఆయనన్నడంట"

రెండు ఊళ్ళవాళ్ళూ కలిసి నవ్వారు. గోవర్ధనం గారు తల తడుముకున్నారు. మొదట ఆయనకు నవ్వడం కుదరలేదు, అలవాటు తప్పిన పని. తరవాత ఆపడం కుదరలేదు. "ఇంకొకటి ఉందా అండీ?" అని అడిగారు. ఖాళీగా ఉన్న పక్క ఆకు ముందు మా బావ వచ్చి కూర్చుని ఆయనకు ఊరగాయ వేశాడు. ఆ పూట కమిషనరు గారు పులిహోర ఎంత తిన్నారో చూసి, రత్నమాంబ గారే తన పాటలోని గుండిగ ఆయనకు ఇచ్చేయమన్నారు.

సాయంత్రం నేను మైథిలిని గంపలో మోసుకెళ్ళాను. నడుం పట్టేసింది. దాని మీద కూడా పాట కట్టారు.

సోమవారం ఆఫీసుకు వెళ్ళేసరికి నా బల్ల మీద ఫైలు ఉంది. సంజాయిషీ అడిగి ఉంటారని తెరిచాను. కమిషనరు గారు స్వహస్తాలతో కొత్త సడలింపు రాశారు: కించపరచబడిన వ్యక్తి పెరుగన్నం దాకా విస్తరి ముందు నుంచి లేవకుండా కూర్చున్నచో, అది కించపరచడం కిందికి రాదు.

సోమయాజులు గారు కింద తమ అభిప్రాయం జతపరిచారు. పెరుగు తినని వారి పరిస్థితి ఏమిటన్నది ఉత్తర్వులో స్పష్టంగా లేదట. దాని పక్కన నేను రాశాను: "అట్టివారికి మజ్జిగ పోయించవలెను."